పిట్ట వెనక నీలం మరక

కెమెరాకి కళ్లప్పగించిన మేనకోడలికి మామయ్య దీవెనలు.

పిట్టను చేసినవాడే కదా చెట్టునూ చేసింది, ఆ చెట్టును చెరపడానికి నువ్వెవరు? ప్రార్థన మందిరం గోడకి పక్షి ఫొటో అడిగితే నువ్వు పంపిన లకుముకిపిట్టను చూశాను. ముక్కు చివర నీటిచుక్కతో సహా ఉంది. దాని వెనక మాత్రం అంతా పచ్చటి పొగ, ఓ మూల నీలం మరక. తడిగుడ్డతో మూడుసార్లు తుడిచినా పోలేదు. బైబిలు వాక్యంలో పక్షుల మాట వచ్చిన చోటల్లా నేను ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. ఎక్కడా పక్షి పొగలో కూర్చోలేదు.

వేరేది పంపు. మందిరం వెనక మురికిగుంట పూడ్చి బండ్ల షెడ్డు కడుతున్నాం. వచ్చే నెల మొదటి సోమవారం మట్టి లారీలు వస్తాయి. ఆలోగా గోడ సిద్ధం కావాలి.

నీ మేలు కోరే మామయ్య

తా.క.: మొన్న వచ్చినప్పుడు నా ప్రసంగం మధ్యలో లేచి వెళ్లి ముప్పావు గంట రాలేదు. నీ కడుపు కోసం సంఘమంతటి చేత ప్రార్థన చేయించాను.

* * *

మామయ్యకి నమస్కారాలు.

ఫొటో తుడవకండి, రంగు పోతుంది. ఆ పొగ నేను కావాలని తెచ్చిందే. మీరు మాట్లాడేటప్పుడు వెనక వరసలో గుసగుసలు ఆపిస్తారు కదా, ఇదీ అంతే. వెనకంతా సద్దుమణిగితే చూపు పిట్ట మీద నిలుస్తుంది. చుట్టూ ఉన్నదీ కావాలన్నారు కాబట్టి అవతలి గట్టు వైపు దూరం నుంచి తీసింది పంపుతున్నాను.

గుంట పూడ్చొద్దని ఆ రోజే చెప్పబోయాను. మీరు మధ్యలో అందుకుని గంటసేపు వదల్లేదు.

మీ మేనకోడలు

తా.క.: నా కడుపు శుభ్రంగా ఉంది. దాన్ని సాక్ష్యంగా చెప్పకండి.

* * *

మేనకోడలికి, బాధతో.

నీ రెండో ఫొటో తగిలించాను. నీళ్లు, తుంగ, ఆకాశం అన్నీ ఉన్నాయి, పిట్ట లేదు. సంఘమంతా దాన్ని వెతకడంలో పడింది. నేను ప్రసంగంలో నరకం అంచున నిలబడి చెమటలు కక్కుతుంటే, ముందు బెంచీలో మన దర్జీ తాత లేచి "దొరికింది, ఆ మూడో తుంగ కొసన" అన్నాడు. జనమంతా హమ్మయ్య అనుకున్నారు. నరకం అక్కడే ఆగిపోయింది.

పిట్టా ఉండాలి, దాని ఇల్లూ ఉండాలి. రెండూ కొట్టుకోకూడదు. నీకు చేతకాదా?

మామయ్య

తా.క.: అంత చల్లని చోటు ఎక్కడుందని తాత రోజూ అడుగుతున్నాడు. అందరం ఓ రోజు వెళ్లొస్తాం, దారి రాయి.

* * *

మామయ్యకి,

ఇదే ఆఖరుది. నాలుగడుగులు వెనక్కి జరిగి, పిట్టను ఓ పక్కకి పెట్టి తీశాను. వెనకున్నది గుర్తుపట్టేంత తెలుస్తుంది, పిట్టతో పోటీకి రాదు. మొదటి ఫొటోలో మీరు తుడిచిన మరక ఇందులోనూ ఉంది, ఈసారి చదవండి. గట్టు బొరియలో దాని పిల్లలున్నాయి.

మేనకోడలు

తా.క.: దారి నేను చెబితే మీరు ప్రసంగం మొదలుపెడతారు. మీరే కనుక్కోండి.

* * *

అమ్మాయ్,

నిన్న ఆ ఫొటో చూపించి, ఇలాంటి చోట్లను పూడ్చే దుర్మార్గుల మీద గంటన్నర నిప్పులు కురిపించాను. చివర దర్జీ తాత కళ్లజోడు సర్దుకుని దగ్గరికెళ్లి చూశాడు. "అయ్యగారూ, ఆ నీలం తలుపు మన గుంట పక్క మరుగుదొడ్డిదే. మీ చేతిరాతే, 'నీళ్లు పోయుడి' అని ఉంది" అన్నాడు.

రంగు వేసిందీ నేనే. ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని అటు వెళ్లాం, కళ్లు కూడా మూసుకున్నామని తెలియలేదు.

ఇవాళ సోమవారం. లారీలు వచ్చేశాయి. మోకాళ్ల లోతు మడుగులో నిలబడి వాటిని ఆపాను. పిట్ట వచ్చి నా గొడుగు మీద వాలింది. షెడ్డు కావాలనే పెద్దలు ఏడుగురు సాయంత్రం కూర్చుంటారు. నా మాటలు వినీ వినీ వాళ్ల చెవులు మొద్దుబారాయి, ఇక కళ్లకే చెప్పాలి.

మడుగులోంచి, నీ మామయ్య

తా.క.: ఈ ఉత్తరం తెచ్చింది లారీ డ్రైవరే. ఆ విధంగా ఒక లారీ తగ్గింది. మిగతావి మూడున్నాయి, వాటినీ పంపేద్దామంటే నేను ఉత్తరం రాయాల్సినవాళ్లు ఇంకెవరూ లేరు. మూడు ఫొటోలూ పెద్దవి చేయించుకుని ఆ లారీలోనే ఎక్కు. రేపు కాదు, ఇవాళే, ఇప్పుడే బయల్దేరు.