నీ గుడారం ఉన్న చోట

సునీతక్కా,

నిన్న జగ్గయ్యపేటలో మీ ఇంట్లో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. నేనూ వెళ్ళా.

సముద్రం శాఖ, వాతావరణ శాఖ, మంచు కొలిచేవాళ్ళు కలిసి పనిచెయ్యాలని ఆఫీసులో నువ్వెంత పోట్లాడేదానివో! నీ తర్వాత ఆ పని నాకిచ్చారు. పోయిన వారం అందరి కొలతలూ మొదటిసారి ఒకే మ్యాపు మీద పెట్టాం. అంటార్కిటికాలో నువ్వు గుడారం వేసుకున్న చోట మంచు అడుగు నుంచి కరిగిపోతోంది. ఎవరి కొలతలు వాళ్ళ దగ్గరే ఉన్నన్నాళ్ళూ అది ఎవరికీ కనబడలేదు.

కూడిక అయ్యాక మీ అమ్మగారు, "మా సునీత ఉన్న చోటు చూపించమ్మా" అన్నారు. ఉపగ్రహం తీసిన కొత్త ఫొటో ఫోన్లో చూపించా.

"ఈ నల్లగీత ఏంటి?"

"పగులండి. మన మునేరు నదంత వెడల్పుంటుంది."

"ఇప్పుడక్కడ మా సునీతలాంటి పిల్లలెవరన్నా ఉన్నారా?"

"ఆరుగురున్నారండి. వచ్చెయ్యమన్నాం. మంచు తుఫానుకి విమానం వెళ్ళలేకపోతోంది."

ఆవిడ గబగబా లేచి, గేటు దాటుతున్న పాస్టరుగారిని వెనక్కి పిలిచారు. ఆ ఆరుగురి కోసం మళ్ళీ ప్రార్థన చేయించారు. నేనూ మోకరించా.

ఇవాళ తిరిగి వెళ్తూ నందిగామ బస్టాండులో కూర్చుని నీకిది రాస్తున్నా అక్కా. వాళ్ళ కోసం విమానం ఇంకా బయల్దేరలేదు.