గాజుల మీద రెండుసార్లు

అవ్వా,

నువ్వు పోయి మూడు నెలలాయె. ఇయ్యాల నీ మీద నాకు మస్తు కోపమొస్తున్నది.

మన శ్రావణికి ఐదేండ్లొచ్చినా మాటలు రాలేదని, దానికి ఏమొస్తది ఏం రాదో రేపు నిజామాబాద్‌ల పరీక్ష చేసి సూస్తరు. నీ అల్లుడు వారం సంది పిల్లను ముంగట కూసోబెట్టుకొని రంగులు చెప్పిస్తుండు. ఫెయిలైతే మన ఊరు బోధన్‌ల ఇజ్జత్ పోతదట! "రానిది రాదని తెలిస్తేనే గద బడిల సాయం దొరికేది" అని అరిచిన. ఇనడు.

రేపటి పరీక్షకు నింపి తెమ్మని బడోళ్లు ఒక కాగితం ఇచ్చిండ్రు. 'పిల్లకు ఏమన్న కావాల్నంటే ఎట్ల అడుగుతది?' అని ఉన్నది. కన్నతల్లిని, నాకు తెల్వలే. నేను పొద్దంత బీడీలు చేసుకుంట కూసుంటే పిల్లను నువ్వే సూసినవు. ఎవరన్న దాని పేరడిగినా నువ్వే చెప్పేదానివి. మాకు ఏదీ కనవడనియ్యలే.

ఇయ్యాల పగటిపూట ఆయన "ఎరుపు అను, ఎరుపు" అని సతాయిస్తుంటే పిల్ల లేచొచ్చి నా గాజుల మీద రెండుసార్లు కొట్టింది. నువ్వు పోయినప్పటిసంది గిదే పని. బీడీలు చెదురుతయని ఎన్నిసార్లు దాని చెయ్యి నూకేసిననో. గప్పుడు యాదికొచ్చింది. నీ చేతి వెండి కడెం మీద గిట్లనే కొడితే నువ్వు లేచి నీళ్ల కుండ కాడికి పోయేదానివి. నీళ్లిచ్చిన. గిలాసంత ఒక్క గుక్కల తాగింది.

కాగితం మీద రాసిన: నీళ్లు కావాల్నంటే గాజుల మీద రెండుసార్లు కొడతది.

దాని కింద ఇంకా నాలుగు గీతలు ఖాళీగున్నయి. కడుపు నొస్తే ఏం చేస్తది అవ్వా? నాకు చెప్పి పోవద్దా?