ఆ నడుము అలాగే ఉంటుంది

పెత్తనమైనా ప్రేమగానే చేసే మా అక్కకు,

ఇక్కడ మేమందరం క్షేమం. మొన్న నువ్వు ఫోనులో "ఏమే, ఆదివారం కూడా దొరకవా?" అని నిలదీసినప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఫోనులో నీతో వాదించడం నా వల్ల కాదు. నా మాట సగంలో ఉండగానే నీ తీర్పు వచ్చేస్తుంది. ఉత్తరమైతే నన్ను చివరిదాకా విని తీరాలి. అందుకే రాస్తున్నాను.

నేను మళ్ళీ చదువుకుంటున్నాను. రాత్రి కళాశాలలో పట్టా పుచ్చుకున్ననాడు నువ్వు "హమ్మయ్య, ఇక చాలుగా" అన్నావు. నాకు చాలలేదు. అదే కళాశాలలో సాయంత్రం పూట వీడియో గేముల రూపకల్పన నేర్పుతున్నారని తెలిసి చేరాను. బస్టాండులో నా టిక్కెట్ల కిటికీ మూసి, నేరుగా అక్కడికే వెళ్తున్నాను. నవ్వడం పూర్తయ్యాక తరువాతి వాక్యం చదువు. నాకు తొందర లేదు.

మా ఆయన నీకన్నా ముందే నవ్వారు. "ఏమోయ్, మోకాళ్ళ నొప్పికి ఆ గేముల్లో మందేమైనా ఉందా?" అన్నారు. "నొప్పికి లేదు, వెటకారానికి ఉంది" అన్నాను. అయినా నేను బొమ్మలు గీసే స్క్రీనును మెత్తని గుడ్డతో తుడిచి పెట్టేది ఆయనే.

మొదటిరోజు తరగతి గదిలో అడుగు పెట్టగానే ఒక అమ్మాయి ఎదురొచ్చి, "ఆంటీ, పేరెంట్స్ మీటింగ్ ఇవాళ కాదండీ" అంది. నేను ఖాళీ కుర్చీలో కూర్చుని, సంచీ బల్ల మీద పెట్టి, "నేను నీ సహాధ్యాయిని" అన్నాను. పక్కన గుండు గీయించుకున్న కుర్రవాడు "అంటే ఏంటే?" అని ఆమెను అడిగాడు. "క్లాస్‌మేట్‌రా, తింగరోడా" అందామె. ఆమే ఇప్పుడు మా జట్టు నాయకురాలు. అందరూ కెప్టెన్ అంటారు. ఆ గుండు కుర్రవాడు ఆటను కంప్యూటరుకు అర్థమయ్యే భాషలో రాస్తాడు. వాణ్ణి గుండూ అని పిలిస్తేనే పలుకుతాడు. నా పని కాన్సెప్ట్ ఆర్ట్. అంటే, ఆట తయారు కాకముందే అందులోని మనుషులు, వీధులు ఎలా ఉండాలో గీసి చూపించడం. నా బొమ్మ చూసి మిగతావాళ్ళు కడతారు. ఇల్లు కట్టేముందు నక్షా ఉన్నట్టు.

మా ఆటలో ఒక ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోతాయి. ఒక మనిషి వీధి వీధీ తిరిగి వాటిని వెలిగించాలి. ఆ మనిషి ఎవరన్నది నా ఇష్టానికి వదిలేశారు. నేను నా ఈడు ఆడమనిషిని గీశాను. ముక్కు మీద కళ్ళజోడు, లావుపాటి నడుము, భుజాన పనిముట్ల సంచీ, ఆ బరువుకు ముందుకు వంగిన వీపు. మెట్లెక్కితే కాసేపు కూర్చుంటుంది. గుండు తల గోక్కుని, "హీరోయిన్ కూర్చుంటే ఆడేవాడేం చెయ్యాలి ఆంటీ?" అన్నాడు. "వాడూ కూర్చుంటాడు. ఊరు చూస్తాడు" అన్నాను. వాడు అది రాసుకున్నాడు!

మొదటిసారి నా బొమ్మ కింద నేనే సంతకం చేసుకున్నాను అక్కా. నువ్వేమన్నా సరే, మానను.

నీ మాట వినడం ఎప్పుడో మానేసిన
చెల్లెలు

*

అక్కకు,

నా మొదటి ఉత్తరానికి నువ్వు "సరేలే, సరదా తీర్చుకో" అని ముక్తసరిగా కబురు పంపావు. సరదా తీరింది. జట్టులో నుంచి తప్పుకోవాలని నిశ్చయించుకున్నాను. కారణం నీకు చెప్పాలి. ఎందుకంటే సగం కారణం నువ్వే.

నిన్న తరగతికి వెళ్ళేసరికి పెద్ద తెర మీద నా బొమ్మ ఉంది. నా బొమ్మ లాంటిది ఉంది అనడం సబబు. కళ్ళజోడు లేదు. నడుము సన్నబడింది. సంచీ బెల్టు మీద చిన్న డబ్బాగా మారింది. అన్నిటికంటే ముఖ్యం, వీపు నిటారుగా నిలబడింది. కింద నా సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది ఎవరి బొమ్మ?" అని అడిగాను.

"మీదే ఆంటీ. పైన నేను కొంచెం ఫిక్స్ చేశానంతే" అంది కెప్టెన్, టీ తాగుతూ. "ఆవిడ మరీ అలిసిపోయినట్టుంది. ఆడేవాళ్ళకు నీరసం వస్తుంది."

"నన్ను అడిగావా?"

"అడగడమేంటి? పెయింట్ ఓవర్ కదా. అందరూ చేసేదే."

మా మాస్టారు మధ్యలో వచ్చారు. ఈ వృత్తిలో ఒకరి బొమ్మ మీద మరొకరు గీయడం మర్యాదేనట. కంప్యూటరులో బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి కింది గీత చెరిగిపోదట. "ఇది గోడకు తగిలించే పటం కాదమ్మా, పని జరగడానికి గీసే గీత. నచ్చకపోతే ఆమె బొమ్మ మీద మీరూ గీయండి. ఎవరాపారు?" అన్నారు.

"ఇంకొకరి బొమ్మ మీద చెయ్యి పెట్టే అలవాటు నాకు లేదు" అన్నాను. నా సంచీ తీసుకున్నాను. బయటికి వచ్చేశాను. వెనకాల గుండు "ఆంటీ, కళ్ళజోడు నేను పెట్టేస్తా, ఉండండి" అని అరుస్తూనే ఉన్నాడు.

ఇక నీ సంగతి. బడిలో బొమ్మల పోటీ గుర్తుందా? 'మా ఇల్లు' అన్నారు. నేను కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మను గీశాను. నడుము ఎలా వంగేదో అలాగే గీశాను. కిటికీ వెలుతురు వీపు మీద పడుతుంటే అమ్మ గుడ్డలోకి ఒరిగిపోయి ఉండేది కదా, అలా. ఇంట్లోనే గీసి, ఆరబెట్టి, నీళ్ళు తేవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నువ్వు నా బ్రష్షుతో అమ్మ వీపును నిటారుగా లేపేశావు. పెదాల మీద నవ్వు కూడా అద్దావు. "చూడు, ఎంత కళ వచ్చిందో!" అన్నావు. దానికే మొదటి బహుమతి వచ్చింది. నాన్న దానికి చట్రం కట్టించి ముందుగదిలో తగిలించారు. వచ్చినవాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం దాని ముందు నిలబడి, "ఎవరే ఈవిడ?" అంది. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేను ఆ తరువాత బ్రష్షు పట్టలేదు. నువ్వు ఒక్కసారైనా ఎందుకని అడగలేదు.

అమ్మ పోయాక ఆ పటం నువ్వే తీసుకెళ్ళావు. సంతోషం. అది నీ బొమ్మే. నాకు తెలిసిన అమ్మ అందులో లేదు. ఈ వయసులో ఆమెను మళ్ళీ గీసుకున్నాను, దీపాలు వెలిగించమని ఊళ్ళోకి పంపాను. రెండోసారి కూడా ఆమెను నిలబెట్టేశారు. మూడోసారి ఎవరికీ ఆ అవకాశం ఇవ్వను. వచ్చే వారం వెళ్ళి, నా బొమ్మలు తొలగించి, నా పేరు తీసేయమని చెప్పి వస్తాను.

కోపంతో రాసినా, ప్రతి అక్షరమూ ఆలోచించే రాసిన
నీ చెల్లెలు

*

అక్కా,

ఆ ఉత్తరం చదివి నువ్వు చేసిన ఫోను నేను వంటింట్లో ఎత్తాను. మా ఆయన వచ్చి, "మీ అక్క తిట్టిందా, ఏడిపించిందా?" అని అడిగారు. "రెండూ" అన్నాను.

నువ్వు క్షమించమంటావని ఎదురుచూశాను. నువ్వా? "నేనే దిద్దాను, ఏం? అమ్మ నడుము రోజు రోజుకీ వంగిపోతుంటే చూడలేకపోయానే. బొమ్మలోనైనా ఓసారి లేపి నిలబెడదామనిపించింది, నిలబెట్టా!" అన్నావు. ఇన్నేళ్ళూ నువ్వు అందం కోసం దిద్దావనుకున్నాను. అంతలోనే నీ గొంతు మామూలైపోయింది. "నచ్చకపోతే నా చేతిలోంచి బ్రష్షు లాక్కుని మళ్ళీ వంచెయ్యాల్సింది. ఇన్నేళ్ళు మూతి ముడుచుకుని కూర్చోమని నేను చెప్పానా? బొమ్మ నీది, చెయ్యి నీది. నోరు లేదంటే నమ్మను, ఉత్తరం నిండా నోరే!" అని పెట్టేశావు.

మరునాడు కళాశాలకు వెళ్ళాను, పేరు తీయించుకోవడానికి కాదు. కెప్టెన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె గీసిన పొర మీద నా పొర తెరిచాను. వీపు వంచాను. కళ్ళజోడు పెట్టాను. బెల్టు మీది డబ్బా తీసేసి, బరువైన సంచీని మళ్ళీ భుజానికెక్కించాను. కెప్టెన్ చూస్తూ ఊరుకుంటుందా? "సంచీ ఓకే. వీపు నేను ఒప్పుకోను" అని మళ్ళీ నిలబెట్టింది. నేను వంచాను. ఆమె నిలబెట్టింది. "మీరిద్దరూ కలిసి పాపం ఆవిడకు నిజంగానే నడుంనొప్పి తెప్పిస్తున్నారు" అన్నాడు గుండు.

"ఎందుకమ్మాయ్, నిలబెట్టాలని అంత పట్టుదల?" అని చివరికి అడిగాను. కెప్టెన్ స్క్రీను మీద నుంచి చూపు తిప్పలేదు. "దీపం పైన ఉంటుంది కదా ఆంటీ. వంగే ఉంటే ఎలా అందుతుంది?" అంది.

అది సరైన ప్రశ్న అక్కా. ఒప్పుకోవడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలుసు. నువ్వూ నా రక్తమే. ఆ రెండు పొరల్నీ పక్కపక్కన పెట్టాను. నడుస్తున్నంతసేపూ నా గీత, వంగే ఉంటుంది. స్తంభం కిందికి వచ్చి చెయ్యి పైకెత్తినప్పుడు మాత్రం కెప్టెన్ గీత. సంచీ కింద పెట్టి, మడమలు లేపి, వెన్ను మొత్తం విప్పుకుని అందుకుంటుంది. దీపం వెలుగుతుంది. మళ్ళీ సంచీ ఎత్తుకుంటుంది, మళ్ళీ వంగుతుంది. గుండు దాన్ని కదిలించి చూపిస్తే, మేం ముగ్గురం మొదటి నుంచి మళ్ళీ చూశాం.

తుది పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఏదో సంస్థలో గేములు తయారుచేయిస్తారట. ఆట చూసి, "అంతా బాగుంది కానీ, ఈ ముసలావిడెందుకు? చిన్నపిల్లను పెట్టి, ఆ నడుము కాస్త సరిచేస్తే మార్కులకు ఢోకా ఉండదు" అన్నారు. నేను లేచేలోపే కెప్టెన్ లేచింది. "సార్, మీరు సరిచేస్తే మేం మళ్ళీ వంచుతాం. ఆ నడుము అలాగే ఉంటుంది" అంది. తరువాత నా వైపు తిరిగి, "కదా, అక్కా?" అంది. 'ఆంటీ' అన్న పిలుపు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. నేను లేచి నిలబడి, "అంతే" అన్నాను. మార్కులు ఓ మోస్తరుగా వచ్చాయి. బొమ్మ మారలేదు.

ఈ ఉత్తరంతో రెండు భంగిమలూ ఒకే కాగితం మీద ముద్రించి పంపుతున్నాను. అమ్మ పటం పక్కనే తగిలించు. ఈసారి కింద రెండు సంతకాలున్నాయి, కెప్టెన్‌దీ నాదీ. మూడోదానికి చోటు వదిలాను. కవరులో పెన్సిలు కూడా పెట్టాను. నీకు ఎక్కడైనా తప్పు కనిపిస్తే, కనిపిస్తుందని నాకు తెలుసు, దాని మీదే దిద్ది తిప్పి పంపు. దాచుకోకు, మొహమాటపడకు.

కానీ నడుస్తున్న అమ్మ జోలికి మాత్రం రాకు. వచ్చావా, రబ్బరు నా దగ్గరే ఉంచుకున్నాను.

నీ గీత మీద గీత గీయడానికి సిద్ధంగా ఉన్న
నీ చెల్లెలు