ఆస్లాండ్ గారి పద్నాలుగు డిగ్రీలు

కెల్వర్టన్ కంటి క్లినిక్, మైనాట్
మార్చి 5

గౌరవనీయులైన హాల్వర్ ఆస్లాండ్ గారికి,

నిన్న, మంగళవారం ఉదయం 9.40కి తీసిన ఫొటోలో మీ కుడి కంటిలోని లెన్స్ 14 డిగ్రీలు తిరిగి కనిపించింది. ఫిబ్రవరి 18న శుక్లం తీసి పెట్టినప్పుడు అది 90 దగ్గర ఉంది. ఇప్పుడు 104 దగ్గర ఉంది. మీకు వేసింది నల్లగుడ్డు వంపులో తేడాను సరిచేసే రకం. సరైన కోణంలో ఉంటేనే పనిచేస్తుంది. మీ మసకకు కారణం ఇదేనని డాక్టరు గారి అభిప్రాయం. మార్చి 27, గురువారం ఉదయం 10.15కి కన్ను మళ్ళీ తెరిచి లెన్స్‌ను తిప్పి పెడతారు. మీకు చూపున్నది ఈ ఒక్క కంటికే కనుక ప్రమాదం లేదని చెప్పలేను. సమ్మతి పత్రం జతచేశాను. సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
కోరిన్ డుషార్మ్, కొలతల విభాగం

తా.క. మీరు చదువుకోవడానికి వీలుగా అక్షరాలు పెద్దవి వేశాను.


టౌనర్
మార్చి 8

కొలతల అమ్మాయి కోరిన్‌కి,

మీ ఉత్తరం అందింది గానీ మీ ఉత్తరం ఎటో తెలియలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ జిల్లాలో పొలాల హద్దులు కొలిచినవాణ్ణి. నాకు తెలిసి ఉత్తరం సున్నా, తూర్పు 90. లెన్స్ తూర్పుకి పెట్టారు, బాగుంది. 104కి జరిగిందంటే ఆగ్నేయం వైపన్నమాట. దిక్సూచి పట్టుకుని వాకిట్లో మంచులో నిలబడి అటు చూశాను. అటున్నది శ్మశానం. ఆపరేషన్ ముందు మనిషికి చూపించాల్సిన దిక్కేనా అది?

నా ఎడమ కన్ను హద్దు మేకు కొడుతుంటే ఇనుప పెళ్ళ ఎగిరి తగిలి పోయింది. మిగిలిన ఒక్కదాన్నీ దిక్కు తెలియనివాళ్ళ చేతిలో పెట్టలేను. సంతకం ఇప్పుడే పెట్టడం లేదు.

హాల్వర్ ఆస్లాండ్, రిటైర్డ్ సర్వేయరు

తా.క. ఉత్తరంలో అక్షరాలు పెద్దవే. కవరు మీద మాత్రం చీమ తలకాయలంత ఉన్నాయి. పోస్ట్‌మాన్ పక్కింట్లో ఇచ్చిపోయాడు. అతనికీ మీ డాక్టరే ఆపరేషన్ చేశాడట.


మైనాట్
మార్చి 11

ఆస్లాండ్ గారికి నమస్కారం.

మా లెక్కలో ఉత్తరం లేదు. ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళ కుడిచేతి వైపు సున్నా. అక్కడినుంచి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరిగి, నేరుగా పైకి 90, ఎడమకు 180. అక్కడితో ఆపేస్తాం. గీతకు రెండు కొసలుంటాయి కనుక కింది సగం అక్కర్లేదు. మీ లెన్స్ మీది గీత నిలువుగా ఉండాలి, ఒరిగింది. అంతే. ముప్ఫై డిగ్రీలు ఒరిగితే ఆ లెన్స్ వల్ల ఉపయోగమే ఉండదు. మీరు దానికి సగం దూరంలో ఉన్నారు. దయచేసి సంతకం పంపండి.

ఇట్లు,
కోరిన్

తా.క. మీ ఉత్తరాన్ని పైన పెట్టి చూస్తే మీ శ్మశానం మా లెక్కలో 166. అటువైపు మేం ఎవర్నీ పంపడం లేదు.


టౌనర్
మార్చి 14

అమ్మా కోరిన్,

సగం చక్రాన్ని పారేసిన ఆఫీసును ఇదే చూడటం. సరే, ఒప్పుకున్నాను. కానీ నిలువు అన్నారే, దేన్నిబట్టి నిలువు? మేం సర్వే రాయి పాతి అక్కడినుంచి కొలుస్తాం. రాయి కదిలితే కొలత చెల్లదు. ఆపరేషన్ రోజు మీరు నా కంటి మీద నీలి సిరాతో గుర్తు పెట్టారు. సాయంత్రానికి కన్నీళ్ళలో కొట్టుకుపోయింది. మరి ఫొటో రోజు మీ రాయి ఎక్కడ?

ఆస్లాండ్

తా.క. మీ డాక్టరు గదిలో గోడ మీద పటం ఎడమకు ఒరిగి ఉంది. నా మసకలోనే అది కనిపించింది.


మైనాట్
మార్చి 18

ఆస్లాండ్ గారికి,

మీ తలే మా రాయి. గడ్డం పీట మీద, నుదురు పట్టీకి ఆనిస్తే తల నిటారుగా ఉన్నట్టే లెక్క. ఆ రోజు మిమ్మల్ని నేనే కూర్చోబెట్టాను. తల నిటారుగా పెట్టమని నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి మీరు "సరేనమ్మా" అన్నారు. 24లోగా సంతకం రాకపోతే తేదీ వేరేవాళ్ళకి పోతుంది.

కోరిన్

తా.క. పటం సరిచేశాం. ఇప్పుడది వంకరగా ఉందని డాక్టరు గారు అంటున్నారు.


టౌనర్
మార్చి 20

అమ్మా,

నాలుగుసార్లు మీరు చెప్పిందేమిటో ఇవాళ తెలిసింది. నా ఎడమ చెవి పనిచేయదు. మీది చిన్న గొంతు. మీరు యంత్రం పక్కనుంచి, నా కుడివైపు వంగి ఏదో అన్నారు. వినపడక కుడి చెవి అటు వంచాను. మళ్ళీ అన్నారు. ఇంకాస్త వంచాను. నాలుగోసారి, మళ్ళీ అడిగితే బాగుండదని సరేనన్నాను. అప్పుడే ఫొటో తీశారు.

మీ రాయి ఒరిగింది. కంటి తెల్లగుడ్డు మీద ఎర్ర నరాలుంటాయి కదా, అవి ఎటూ పోవు. ఆపరేషన్ రోజు ఫొటో పక్కన పెట్టుకుని వాటినుంచి కొలవండి. అప్పుడూ 14 వస్తే సంతకం పెడతాను.

ఆస్లాండ్

తా.క. మా కంచె స్తంభాల వరస నడుమ ఒకచోట వంగి కనిపిస్తోంది. నేను తాడు పట్టి పాతిన వరస అది. వంగదు.


మైనాట్
మార్చి 21

ఆస్లాండ్ గారికి,

లెన్స్ 90 దగ్గరే ఉంది. మీరు చెప్పినట్టే నరాలనుంచి రెండుసార్లు కొలిచాను. మార్చి 4 ఫొటోలో లెన్స్‌తో పాటు నరాలు, రెప్ప, కనుబొమ్మ అన్నీ కలిసి 14 డిగ్రీలు ఒరిగాయి. తప్పు నాది. ఆపరేషన్ రద్దయింది.

మీరు గెలిచారు. గెలవకపోతే బాగుండేదని రాయక తప్పడం లేదు. లెన్స్ తిరిగి ఉంటే తిప్పేవాళ్ళం. తిరగలేదు కనుక మసక దానివల్ల కాదు. మీ స్తంభాల సంగతి నవ్వుకోవడానికని డాక్టరు గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. తిన్నని వరస నడుమ వంగితే కంటి వెనక పొరలో వాపు ఉండవచ్చన్నారు. అదే అయితే ఆలస్యం మంచిది కాదట.

ఆ పొర చూసే డాక్టరు ఫార్గో నుంచి గురువారాలే వస్తారు. మీ తేదీ ఎవరికీ ఇవ్వలేదు. కారు నడపడానికి ఒకరిని వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
కోరిన్ డుషార్మ్

తా.క. కవరు మీద అడ్రస్ మార్కరుతో రాశాను. మార్చి 27, గురువారం ఉదయం 10.15కి మీ కుడి చెవి పక్కన నిలబడి గట్టిగా చెబుతాను. అప్పుడు తల నిటారుగా పెట్టండి.