ఒక్కరికి సరిపడా లక్క

ఓడలో ఉన్న మా ఆయనకు, మీ పిల్లల తల్లి వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఉత్తరం మీ చేతికొచ్చేసరికైనా అది నిజమైతే బాగుండు.

మీరడిగిన మోకాలి నొప్పి తగ్గింది. ఎప్పటిలాగే ఇంట్లో కూర్చుని పార్సిళ్ళకు గుడ్డ కుట్టి, కుట్ల మీద లక్క కరిగించి పోసి ముద్రలు వేస్తున్నాను. పెద్దది పదమూడో ఎక్కం దాకా వచ్చింది. పద్నాలుగు దగ్గర నోరు పెగలదు, అన్నీ మీ పోలికే.

ఫొటోలో బుడ్డదానికి ఇంత ఎండల్లో ఉన్ని టోపీ ఏమిటని రాశారు. జలుబని చెప్పేద్దామనుకున్నాను. మీ దగ్గర దాచి ఎక్కడికి పోతాను? తప్పు నాదేనండీ.

ఆ ఫొటోకి ముందు వారం పెద్దది అద్దం పగలగొట్టి, చెల్లి చేసిందని అబద్ధమాడింది. నా నోరు ఊరుకుంటుందా! అబద్ధాలాడేవాళ్ళ మీదికి వస్తాయంటూ బైబిలు చివర్లో ఉన్న మిడతల సంగతి ఎత్తాను. అగాధంలోంచి పొగతో పాటు లేస్తాయని, మనిషి మొహం, ఆడవాళ్ళ జుట్టు, సింహం పళ్ళు, తేలు కొండి ఉంటాయని, అయిదు నెలలు కుడుతూనే ఉంటాయని, చద్దామన్నా చావు రాదని. ఎనిమిదేళ్ళ పిల్ల! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాను.

"ఎవర్నీ వదలవా అమ్మా?" అంది.

"నొసట దేవుడి ముద్ర ఉన్నవాళ్ళ జోలికి రావు" అన్నాను.

ముద్ర అంటే ఈ ఇంట్లో పిల్లలకు తెలిసింది ఒక్కటే. ఆ మాట నాకు తట్టనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే బుడ్డది కెవ్వుమంది. లోపలికి పరుగెత్తాను. కొవ్వొత్తి వెలుగుతోంది. బుడ్డదాని నొసటి మీద ఎర్రటి లక్క, దాని మీద నా ఇత్తడి ముద్ర అచ్చు.

పెద్దది, "లక్క ఒక్కరికే సరిపోయిందమ్మా. చెల్లి చిన్నది కదా" అంది.

పుండు మానుతోంది. మచ్చ మాత్రం ఉండిపోతుందని డాక్టరుగారు అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఇప్పుడు నా బెంగంతా పెద్దదాని గురించే. కిటికీ తెరవనివ్వదు. పొయ్యి మీంచి కాస్త పొగ లేస్తే చాలు, మంచం కింద దూరుతుంది. "ఉత్తిదే తల్లీ" అంటే, "బైబిల్లో ఉందన్నావుగా" అంటుంది. ఉత్తిదని గట్టిగా అనడానికి నాకే నోరు రావడం లేదు. చిన్నప్పటి నుంచీ నాకూ అవంటే భయమేనండీ. మీకెప్పుడూ చెప్పుకోలేదు. మీరైనా దానికి నాలుగు మాటలు రాయండి, నా మాట మీద దానికి నమ్మకం పోయింది.

నిన్న పని కోసం మళ్ళీ లక్క కరిగిస్తుంటే, పెద్దది వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులతో జుట్టు పైకెత్తి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏడవనమ్మా. ముద్ర వెయ్యి" అంది.

తొందరగా రండి.

ఇట్లు,
కాళ్ళూ చేతులూ ఆడని
మీ ఇల్లాలు