ప్రసాదం సంచి అడుగున

ఏమండీ,

మీరు పోయి ఈరోజుకి ఏడాది. దీపం పెట్టి తణుకు బస్సెక్కాను. హెచ్‌ఐవీ మందులకు రానివాళ్లను వెతికి, అందించి రావడమే ఇప్పుడు నా పని.

కోసిన చేలల్లో బాతులు మేపుతూ ఊరూరూ తిరిగే నాగరాజుకి నిన్నటితో మాత్రలు అయిపోయాయి. ఫోను ఎత్తడు. జబ్బు సంగతి తెలిస్తే తోటివాళ్లు పక్కన కూర్చోనివ్వరని అతని భయం. అందుకే మాత్రల సీసాను అన్నవరం ప్రసాదం సంచిలో అడుగున దాచాను.

కాలవగట్టున సంచి అతని చేతికి ఇవ్వబోతుంటే బాతులవాళ్ల గుంపు పెద్ద వచ్చేశాడు.

"సత్యనారాయణస్వామి ప్రసాదం ఆడొక్కడికేనా అండీ? మేమేం పాపం చేశాం?"

అతని వెనకే అందరూ చేతులు చాపారు. ప్రసాదం అడిగినవాళ్లకు లేదని ఎలా అంటాను? నాగరాజు ముఖం పాలిపోయింది. సంచిని గుండెకు ఆనించుకుని ఒక్కో ఆకు పొట్లం తీసి ఇస్తున్నాను. అడుగున సీసా గలగలమంది.

"ఇంకేదో ఉందండోయ్!" అంటూ పెద్దాయన సంచిలోకి వంగాడు.

"అది నాగరాజు వాటా బాబూ. ఇంకొకళ్లు ముట్టకూడదు."

ఆయన చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, పొట్లం కళ్లకద్దుకున్నాడు. సంచి నాగరాజు చేతిలో పెట్టేశాను. నేను అబద్ధమాడలేదు కదండీ.

బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడక్కూడదని మీరు లారీ ఎక్కేటప్పుడల్లా కోప్పడేవారు. మీ మందులు ఏ దారిలో ఆగిపోయాయో చివరిదాకా నాకు తెలియలేదు. బాతుల వెనక కదులుతున్న నాగరాజును మాత్రం అడిగేశాను.

"ఎక్కడికి బాబూ?"

"మొగల్తూరు వైపండి, పిన్నిగారూ," అన్నాడు.