బొజ్జ కరిగించే మందు

మావా, రబ్బరు పాలు తియ్యడానికి ఎల్తన్నాను. కుండలో గంజి ఉంది, ఎండుచేప కాల్చినాను. ఆపీసుకి పోయే ముందు తిను.

ఇపో పట్నం బజారులో కొన్న ఆ బొజ్జ కరిగించే మందు ఇంక తాగకు. అది బాగా పనిసేసిందని అందరికీ సెప్తన్నావంట. మా విలియమన్న కూడా అదే తాగినాడు, ఇంకా నిండు సూలాలి లాగే ఉన్నాడు. అతను కూకుని తాగినాడు. నువ్వు నాకు జొరం తగ్గేదాకా రోజూ నా పాల బాల్చీలు మోసి తాగినావు.

పెళ్లైన కొత్తలో ఆడోళ్ల బాల్చీ ముట్టనన్నావు. నీకు కొవ్వెక్కిందని లోపల్లోపల తిట్టుకున్నాను. ఇప్పుడు అడక్కుండానే మోసినావు. మరిసిపోను.

ఇవాంజలిన్

బెల్టుకి ఇంకో బెజ్జం పొడిసినాను. కొవ్వు కరిగిందన్నది నిజమే మావా. బొజ్జలోది కూడా.